వెండి మంచిదే, నాణెం మంచిది కాదు

సంపాదక మహోదయులకు,

అయ్యా,

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో పాత నాణేల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పెట్టెల అడుగున మూటగట్టి పడివున్న వెండి రూపాయలలో కొన్నిటికి వెండి ధరను మించిన విలువ ఉంటుందని చెప్పినంత వరకు వ్యాసకర్తతో నాకు పేచీ లేదు. కాని, కొనబోయే నాణెం అసలుదో నకిలీదో తేలాలంటే దగ్గరలోని కంసాలి చేత గీటు పెట్టించి చూసుకుంటే చాలునని ఆయన చివర ఇచ్చిన సలహా తప్పు. గీటురాయి లోహాన్ని పరీక్షిస్తుందే గాని నాణేన్ని పరీక్షించదు. సరిగ్గా ఇదే సలహాను నమ్మి మా కుటుంబంలోనే ఒకరు నష్టపోయారు కాబట్టి, ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాడిగా ఈ ఉత్తరం రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మా తోడల్లుడు రాజోలు వైపు కొబ్బరితోట రైతు. రెండేళ్ల క్రితం అంతర్వేది తీర్థానికి వెళ్లినప్పుడు అక్కడ పరిచయమైన ఒక వ్యక్తి దగ్గర రెండు వెండి రూపాయలు కొన్నాడు. ఒకదాని మీద 1911 అనీ, రెండోదాని మీద 1939 అనీ ఉన్నాయి. కొబ్బరి దింపు డబ్బులు చేతిలో ఉన్న రోజులు. అయినా మనిషి తెలివితక్కువవాడు కాదు కనుక, డబ్బు ఇచ్చేముందు రెండింటినీ తమ ఊరి కంసాలికి చూపించాడు. “వెండి మంచిదేనండి, ఏ ఢోకా లేదండి” అన్నాడాయన. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఆ రెండు బిళ్లలూ టంకశాలలో తయారైన అసలైన వెండి రూపాయలే. వాటి మీద ఉన్న సంవత్సరాలే అబద్ధం.

ఈ రెండు సంవత్సరాలనే మోసగాళ్లు ఎందుకు ఎంచుకుంటారో చెప్పాలి. అయిదవ జార్జి పేరిట 1911లో వచ్చిన తొలి రూపాయి మీద, రాజుగారు ధరించిన పతకాల గొలుసులో ఒక చిన్న ఏనుగు బొమ్మ ఉంది. చెక్కినవాడి పొరపాటో ఏమో, తొండం పొట్టిగా, కాళ్లు కురచగా ఉండడంతో అది పందిలా కనిపించింది. ముస్లిములు దానికి అభ్యంతరం చెప్పగా ప్రభుత్వం ఆ రూపాయలను వెనక్కు తీసుకొని చాలావాటిని కరిగించి, 1912 నుంచి ఏనుగు బొమ్మను మార్చి ముద్రించింది. (వరాహాన్నే రాజలాంఛనంగా బంగారు నాణేల మీద ముద్రించుకున్న తూర్పు చాళుక్యులు ఏలిన నేల మనది, నాణెం పేరే వరహా అయిన భాష మనది. అదే జంతువు మరో కాలంలో ఒక నాణేన్ని మూసలోకి తిరిగి పంపించింది.) ఇక 1939 రూపాయి విషయం వేరు. 1938, 1939 సంవత్సరాల రూపాయలలో నూటికి 91.7 పాళ్లు వెండి. 1940 నుంచి దాన్ని సగానికి తగ్గించి, మిగతా సగంలో రాగి, నికెలు, తుత్తునాగం కలిపారు. ఆ మంచి వెండి రూపాయలలో చిట్టచివరిది కావడం, చాలా తక్కువగా దొరకడం వల్ల 1939 నాణెం కోసం సేకర్తలు వెతుకుతారు. 1938 నాణెం మాత్రం సులభంగానే దొరుకుతుంది. ఒక్క అంకె తేడా. ఆ ఒక్క అంకెను దిద్దితే బరువు మారదు, వెండి మారదు, అంచు మారదు, మోత మారదు. కంసాలి గీటురాయికి ఇందులో పట్టుబడేది ఏముంది?

మా తోడల్లుడు ఆ నాణేలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, “మీరు చూసి చెప్పండి అన్నయ్యగారూ” అన్నప్పుడు నేను మొదట 1911 నాణేన్ని భూతద్దం కిందికి తీసుకున్నాను. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం చాలు, అంతకు మించినది అక్కర్లేదు. ఏనుగు చక్కగా ఉంది! తొండం పొడవుగా కిందికి దిగింది, చెవి స్పష్టంగా ఉంది, ఏ కోణం నుంచి చూసినా పంది పోలిక లేదు. అంటే అది 1912లోనో ఆ తరువాతనో అచ్చుపడిన నాణెం. 1917లోని చివరి 7కు ఉన్న అడ్డగీతను గీకేస్తే 1 అవుతుంది. అడ్డగీత ఉండవలసిన చోట లోహం కొద్దిగా పల్లమై, చుట్టూ ఉన్న ముదురు రంగుకు భిన్నంగా తెల్లగా, సన్నని సమాంతర గీతలతో కనిపించింది. అంకెను మార్చగలిగినవాడు ఏనుగును మార్చలేకపోయాడు. నాణేన్ని పరిశీలించేవారు ముందు సంవత్సరాన్ని చూడకూడదనీ, ఆ సంవత్సరంలో మిగతా బొమ్మ ఎలా ఉండాలో తెలుసుకొని దాన్ని చూడాలనీ నేను అనేది ఇందుకే.

రెండోది కష్టపెట్టింది. 1938కీ 1939కీ బొమ్మలో పట్టుకోదగిన తేడా లేదు కనుక అంకెనే చూడాలి. 8లోని కింది సున్నాకు ఎడమవైపు భాగాన్ని తొలగిస్తే 9 వస్తుంది. అచ్చు దెబ్బకు పైకి లేచిన అంకె, దాని చుట్టూ ఉన్న నేల (బొమ్మా అక్షరమూ లేని చదును భాగం) రెండూ ఒకే దెబ్బలో ఏర్పడతాయి కాబట్టి, అంకె పాదం దగ్గర లోహం నునుపుగా, ఎక్కడా తెగకుండా నేలలో కలిసిపోతుంది. దిద్దిన చోట ఆ కలయిక తెగుతుంది. నాణేన్ని దీపం కింద ఏటవాలుగా పట్టుకొని నెమ్మదిగా తిప్పితే, మంచి స్థితిలో ఉన్న నాణెం మీద వెలుగు బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. పనిముట్టు తగిలిన చోట మాత్రం ఆ వెలుగు ఆగిపోయి ఒక మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ నాకు 9కి ఎడమపక్క కింది భాగాన, ఉండకూడని చోటనే కనిపించింది. ఇంకో పద్ధతిలో, వేరే నాణెం నుంచి కోసిన అంకెను మాటు వేసి అతికిస్తారు. అప్పుడు అంకె పాదం చుట్టూ వెంట్రుకంత సందు గాని, మాటు తాలూకు వేరే రంగు గాని కనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పినది దిద్దిన నాణేల గురించి. మొదటి నుంచీ నకిలీగా తయారైనవాటిని పట్టుకోవడం ఇంతకన్నా తేలిక. అందుకు కావలసిన జ్ఞానం మన పాత తూకాలలోనే ఉంది. కంపెనీ ప్రభుత్వం 1835లో దేశమంతటికీ ఒకే రూపాయిని తెచ్చినప్పుడు దాని బరువును 180 గ్రెయిన్లుగా, అంటే 11.66 గ్రాములుగా నిర్ణయించింది. తులం అన్నా అదే బరువు. మా నాయనమ్మ లేహ్యానికి శొంఠి, పిప్పళ్లు “రూపాయి ఎత్తు” తూచి వేసేదంటే, తక్కెడలో ఒకవైపు నిజంగానే రూపాయి పెట్టేది. చేతులు మారి అరిగినవి పదకొండున్నర గ్రాములకు దిగవచ్చు గాని, పది గ్రాములే తూగే విక్టోరియా రూపాయినీ, పన్నెండున్నర తూగేదాన్నీ మారుమాట లేకుండా తిప్పి ఇచ్చేయవచ్చు. గ్రాములో నూరోవంతు చూపే చిన్న తూకపు యంత్రాలు ఇప్పుడు పెద్ద ఖరీదేమీ కాదు.

అయితే తెలివైన నకిలీకారుడు బరువును సరిపెడతాడు. అప్పుడు పిల్లలకు బడిలో చెప్పే ఆర్కిమెడిస్ సూత్రం పనికి వస్తుంది. తూకం మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి, సూచీని సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచాలి. అప్పుడు తూకం చూపే అంకె నాణెం తొలగించిన నీటి బరువు. 91.7 పాళ్ల వెండి ఉన్న రూపాయి అయితే అది 1.13 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. 1940 నుంచి 1945 వరకు వచ్చిన సగం వెండి రూపాయికి 1.22 ప్రాంతంలో వస్తుంది. జర్మన్ సిల్వరుతో (పేరులో తప్ప వెండి లేని రాగి, నికెలు, తుత్తునాగం మిశ్రమంతో) చేసి వెండి పూత పూసినది అంతే బరువుంటే సుమారు 1.35 చూపుతుంది. నాణేనికి గాలిబుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది గనుక ముందు దాన్ని నీళ్లలో ఒకసారి కదిపి బుడగలు వదిలించాలి. హాల్‌మార్కింగ్ కేంద్రాలలో ఉండే ఎక్స్‌రే యంత్రం కన్నా ఈ గ్లాసు పరీక్షనే నేను నమ్ముతాను. ఆ యంత్రం పైపొరను మాత్రమే చదువుతుంది, దళసరి పూత దాన్ని ఏమార్చగలదు. నీటిని ఏ పూతా ఏమార్చలేదు.

అయస్కాంతానికి అంటుకున్న నాణెం నకిలీదని మీ వ్యాసంలో ఒక వాక్యం ఉంది. అది సగమే నిజం. వెండి, రాగి, బంగారం అయస్కాంతానికి అంటవు కాబట్టి, అంటుకున్న వెండి రూపాయి నకిలీదే. కాని 1947 నాటి పులి బొమ్మ రూపాయిని నికెలుతో చేశారు. అది అసలుదైతేనే అయస్కాంతానికి అంటుకుంటుంది. వ్యాసం చదివి ఎవరైనా ఆ నాణేన్ని నకిలీ అని పారవేస్తారేమోనని నా భయం. అలాగే అంటనంత మాత్రాన అది వెండి అని కూడా కాదు; సీసం, తగరం, ఇత్తడి కూడా అంటవు.

అంచును చాలామంది చూడరు. నకిలీకారులు కూడా అక్కడే ఎక్కువగా అజాగ్రత్త పడతారు. అసలు రూపాయి అంచు పళ్లు దువ్వెన పళ్లలా ఒకే ఎడంతో నిటారుగా ఉంటాయి. పోత పోసిన నకిలీలో పళ్లు మొద్దుబారి, ఒకచోట ఒత్తుగా ఒకచోట పలచగా ఉంటాయి. రెండు మూసలు కలిసిన చోట అంచు చుట్టూ సన్నని అతుకు గీత గాని, దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడ గాని ఉంటుంది. 1940లో వెండిని తగ్గించినప్పుడు దొంగ నాణేలకు అడ్డుకట్టగా ప్రభుత్వం అంచు పళ్ల మధ్యలో ఒక గాడిని కూడా చేర్చింది. 1943 అని ఉండి అంచులో ఆ గాడి లేకపోతే గట్టిగా అనుమానించాలి. పోత నాణెం నేల మీద సూదిమొనంత గుంటలు, అక్షరాల మూలల్లో చిన్న బొడిపెలు భూతద్దానికి దొరుకుతాయి. అసలు నాణెం నుంచి అచ్చు తీసి, ఆ అచ్చుతో ముద్రకొట్టిన నకిలీలు మరింత ప్రమాదకరమైనవి, ఎందుకంటే వాటిలో ఈ గుంటలు ఉండవు. వాటిని పట్టించేది అసలు నాణేనికి ఉన్న దెబ్బలే. రాణిగారి చెంప మీద ఒక గాటు ఉంటే, ఆ అచ్చులో పుట్టిన ప్రతి నాణెం మీదా అదే గాటు అదే చోట ఉంటుంది. ఒకే వ్యాపారి దగ్గర రెండు నాణేలకు ఒకే చోట ఒకే దెబ్బ కనిపిస్తే, ధర అడగకుండానే లేచి రావడం మంచిది.

బల్ల మీద మోగించి చూడడం మన షావుకార్లకు తరతరాలుగా ఉన్న అలవాటు. మంచి వెండి ఖంగుమని సాగుతూ మోగుతుంది, సీసం కలిసినది ఠప్పుమంటుంది. అయితే పగులున్న అసలు నాణెం కూడా మోగదు గనుక దాన్ని ఆఖరి తీర్పుగా తీసుకోకూడదు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించే సంగతి మరొకటి ఉంది. కాసులపేర్ల కోసం, పిల్లల మెడలో వేయడం కోసం రాణి బొమ్మ రూపాయలకూ బంగారు సవరన్లకూ కొక్కేలు అతికించడం, చిల్లులు పొడవడం మన ఇళ్లలో మామూలు. ఆ కొక్కేన్ని ఊడదీసి, అంచును సాపు చేసి, చిల్లును వెండితో పూడ్చి, మచ్చలేని నాణెంగా అమ్ముతారు. అది నకిలీ కాదు, కాని దాని గాయాన్ని దాచారు. అంచు పైభాగాన పళ్లు అరిగిపోయి ఉండడం, అక్కడ రంగు మారి ఉండడం కొక్కెం ఉండేదనడానికి గుర్తులు. ఇక చింతపండుతో, విభూతితో, పళ్లపొడితో పాత నాణేలను తళతళలాడేలా తోమడం మన ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఉన్న బలహీనత. దేవుడి సామాన్లకు అది శుభ్రత కావచ్చు గాని నాణేనికి మాత్రం చేటు. ఏళ్ల తరబడి వెండి మీద ఏర్పడిన ముదురు రంగు దాని వయసుకు సాక్ష్యం. దాన్ని తోమేస్తే, దిద్దుబాటును పట్టించే రంగు తేడా కూడా దానితోపాటే పోతుంది. మోసగాళ్లు ఈ సంగతి తెలిసే దిద్దిన నాణేన్ని ముందు బాగా తోమి, తరువాత గంధకపు రసాయనాలతో కృత్రిమంగా నల్లబరుస్తారు. గోళ్లరంగు తీసే ద్రవంలో దూదిని ముంచి ఒకసారి ఒత్తి చూస్తే, రంగు పూసి తెచ్చిన నలుపూ చిలుమూ దూదికి అంటుకుంటాయి గాని, గంధకంతో తెచ్చిన నలుపు అంటుకోదు. అది పరీక్షే గాని తోమడం కాదు, రుద్దకూడదు.

కొత్తగా కనిపించిన ప్రతిదీ నకిలీ అనుకోవడమూ పొరపాటే. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) కోసం బర్మింగ్‌హామ్‌లో ముద్రించిన 1808 నాటి పది కాసుల, ఇరవై కాసుల రాగి నాణేలతో బయలుదేరిన అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరానే మునిగిపోయింది. దాదాపు 175 ఏళ్ల తరువాత వాటిని పెద్ద సంఖ్యలో సముద్రం నుంచి వెలికితీశారు. మన తాతముత్తాతల చేతుల్లోకి రావలసిన డబ్బు ఒక్క చేతికీ అంటకుండా అలా నీటి కిందే ఉండిపోయింది. వాటిలో కొన్ని నిన్న ముద్రించినట్టు ఉంటాయి, అయినా అసలువే.

అసలు ఏ ప్రభుత్వమూ ముద్రించని నాణేలను ఇక్కడ ప్రస్తావించకపోతే ఉత్తరం అసంపూర్ణమవుతుంది. ఒకవైపు రామపట్టాభిషేకమో హనుమంతుడో, మరోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అనో 1839 అనో సంవత్సరం ఉన్న రాగి, ఇత్తడి బిళ్లలు మన జిల్లాల్లో ఎన్నో తిరుగుతున్నాయి. కంపెనీ తన నాణేల మీద రాముణ్ణీ హనుమంతుణ్ణీ ఎన్నడూ ముద్రించలేదు. 1835 నాటి అసలైన అర అణా మీద ఉండేది సింహాలతో కూడిన కంపెనీ చిహ్నం. పూజలో పెట్టుకోవడానికి చేసిన బిళ్లలను పూజలో పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. కాని వాటికి బియ్యాన్ని ఆకర్షించే శక్తి ఉందని చెప్పి రైస్ పుల్లింగ్ పేరిట లక్షలు గుంజుతున్నారు. ఇనుప రజను పట్టించిన బియ్యపు గింజలూ, బిళ్లలోనో దాని కిందనో దాచిన అయస్కాంతమూ ఉంటే ఆ అద్భుతాన్ని మా బడిలో ఏడో తరగతి కుర్రవాడు కూడా చేసి చూపించేవాడు. బియ్యం మీరే తీసుకెళ్లి చూపించమనండి, ప్రదర్శన అక్కడితో ఆగిపోతుంది.

విచిత్రం ఏమిటంటే, ఇదే జనం ప్రభుత్వం ముద్రించగా రిజర్వు బ్యాంకు చెలామణిలోకి తెచ్చిన పది రూపాయల నాణేన్ని మాత్రం చెల్లదని తిప్పికొడతారు. ఆ నాణేలు 14 రకాల బొమ్మలతో వచ్చాయనీ అన్నీ చెల్లుతాయనీ బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించినా, రావులపాలెం సెంటర్‌లో టీకొట్టు దగ్గర దాన్ని ఇస్తే ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. చెల్లే నాణెం మీద అనుమానం, చెల్లని బిళ్ల మీద నమ్మకం! పాత నాణేలు, నోట్ల అమ్మకాలకు రుసుములు, కమీషన్లు, పన్నులు కట్టమంటూ తన పేరునూ గుర్తునూ కొందరు దుర్వినియోగం చేస్తున్నారనీ, తాను అటువంటి వ్యవహారాలేవీ చేయననీ అదే బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. నాణేనికి ధర కడతామని చెప్పి ముందుగా ఒక్క రూపాయి అడిగినా అది మోసమని పాఠకులకు మీరు పెద్ద అక్షరాలలో చెప్పవలసింది.

చట్టం గురించి ఒక మాట. నూరేళ్లు నిండిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువే గనుక, దాన్ని విదేశంలో ఉన్న కొనుగోలుదారుకు పంపిస్తామని చెప్పేవారితో వ్యవహారం పెట్టుకోకూడదు. పునాదుల్లోనో చెరువు తవ్వకంలోనో నాణేల కుండ దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. “మా చేను దున్నుతుంటే దొరికాయి” అని చెప్పి అమ్మేవాడు నిజం చెబుతుంటే చట్టాన్ని మీరుతున్నాడు, అబద్ధం చెబుతుంటే మిమ్మల్ని మోసగిస్తున్నాడు.

నా విన్నపం రెండు ముక్కలు. రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియంలో పాత నాణేలు ఉన్నాయి. పురావస్తు శాఖవారు నెలకు ఒక రోజు కేటాయించి, ఇళ్ల నుంచి జనం తెచ్చిన నాణేలను అసలువాటి పక్కన పెట్టి చూసుకునే ఏర్పాటు చేస్తే, ధర కట్టనవసరం లేదు, ఇది దిద్దినది, ఇది పోత పోసినది అని చెప్పినా చాలు, ఎంతోమంది బయటపడతారు. ఇక మీ పత్రిక చేయగలిగినది ఇంకా సులువు. గీటురాయి సలహాను సవరిస్తూ, 1911 నాటి ఏనుగునూ ఆ తరువాతి ఏనుగునూ పక్కపక్కన పెద్దవి చేసి ముద్రించండి. వెయ్యి మాటల కన్నా ఆ రెండు తొండాలు పాఠకుడికి బాగా గుర్తుంటాయి. మా తోడల్లుడు తన రెండు రూపాయలనూ ఇంట్లో కనిపించడమే ఇష్టం లేక నా దగ్గరే వదిలేశాడు. మీ ఫొటోగ్రాఫరును పంపితే, దిద్దిన ఆ 1నీ, ఆ 9నీ భూతద్దం కింద పెట్టి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
ముమ్మిడివరం, కోనసీమ